సదుం గోడ మీద నా కోటు

ఫొటో తీయడమంటే ఫోన్ పైకెత్తడమే అయిన కాలంలో ఈ పనిలోకి వచ్చారు మీరంతా. నా సోది మీకెంత పనికొస్తుందో నాకు తెలియదు. మొన్న మన ఫొటోగ్రాఫర్ల సంఘం భోజనాల దగ్గర కొత్తగా చేరిన ఒకమ్మాయి నా పక్కన కూర్చుని, "సార్, ఇన్నేళ్లలో మీరు చేసిన పెద్ద తప్పేంటి?" అని అడిగింది. తాళి కట్టే సమయానికి బ్యాటరీ అయిపోయిందనో, పెళ్లికొడుకుని వదిలేసి తోడిపెళ్లికొడుకుని తీశాననో చెబుతానని ఆశపడినట్టుంది. అవీ చేశాను. వాటికి ఆ రోజే తిట్లు తిని, ఆ రోజే మర్చిపోయాను. పెద్ద తప్పు మాత్రం ఒకటే. బతికున్న మనిషికి దండ వేశాను.

అది అర్థం కావాలంటే ముందు నా కోటు సంగతి చెప్పాలి.

మదనపల్లెలో నా స్టూడియో ముప్పై ఏళ్లు నడిచింది. ఇప్పుడు అక్కడ పగిలిన ఫోన్లకు అద్దాలు మారుస్తున్నారు. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు సైజులు కాకుండా మాకు నిలకడగా వచ్చే పని ఇంకొకటుండేది. ఇంట్లో ఎవరైనా పోతే పదకొండో రోజు దినం లోపల గోడకు పెద్ద ఫొటో తగలాలి. పల్లెల్లో చాలామందికి విడిగా తీయించుకున్న ఫొటో ఉండదు. ఏ పెళ్లి గ్రూపులోనో మూడో వరుసలో, ముందువాడి తలపాగా వెనక సగం ముఖం ఉంటుంది. దాన్ని పట్టుకొస్తారు. ఆ తలను కోసి, పెద్దది చేసి, కింద ఒక ఒళ్లు అతికించాలి. ఒళ్లు మా దగ్గర సిద్ధంగా ఉండేది. ఆడవాళ్లకు మెరూన్ పట్టుచీర, మగవాళ్లకు నల్లకోటు, ఎర్ర టై. కోటు ఎవరిదో కాదు, నాదే. నా పెళ్లి రిసెప్షన్‌కు కుట్టించింది. అది తొడుక్కుని నేను కూర్చుంటే మెడ దాకా తీసి దాచుకున్నాం. పుంగనూరు, చౌడేపల్లె, పెద్దతిప్పసముద్రం, ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో నా భుజాల మీద ఎవరెవరి తలలున్నాయో నాకే తెలియదు. బతికుండగా చొక్కాకు రెండు గుండీలు పెట్టుకోవడానికి బద్ధకించిన రైతులు పోయాక టై కట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో ఎవరూ వచ్చి ఇదేంటని అడగలేదు.

అతికించే పని మా టచింగ్ ఆమెది. మిషన్ ఆసుపత్రి వెనక లైను ఇళ్లలో ఉండేది. మొదట్లో నెగెటివ్ మీద పెన్సిల్‌తో, తర్వాత కంప్యూటర్‌లో మచ్చలు తీసేది, రంగు పెంచేది, మూసిన కళ్లు తెరిపించేది. ఆదివారం చర్చిలో కూర్చున్నా ముందు వరుస వాళ్ల ముఖాల్లో ఏమేం తీసేయాలో చూస్తుంటానని తనే ఒప్పుకుంది. ముఖాలకు అంత టచింగ్ చేసే మనిషి తన మాటకు మాత్రం ఏనాడూ చేసుకోలేదు.

ఈ పనికి నేనొక నియమం పెట్టాను. పోయినవాళ్లకు ఏమైంది, ఎలా పోయారు అని అడగకూడదు. పేరు, తారీకు, కోటా చీరా, అంతే. దుఃఖంలో ఉన్నవాళ్లను కదిలించకూడదని ఆమెకు చెప్పేవాడిని. అసలు కారణం వేరు. ఎదురుగా ఎవరైనా ఏడిస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడవు.

ఒకరోజు పొద్దున సదుం నుంచి ఒకాయన వచ్చాడు. టమాటా మార్కెట్లో కాయలు దించి నేరుగా మా మెట్లెక్కాడు. గుండు కొత్తగా, నున్నగా ఉంది. జేబులోంచి కాలేజీ గ్రూప్ ఫొటో తీసి, రెండో వరుసలో ఒక పిల్లవాడి మీద వేలు పెట్టాడు.

"వీడు నా కొడుకప్పా. పెద్దది సేసి, ఫ్రేము కట్టియ్యాల."

"వయసెంతన్నా?" అని అడగనే అడిగింది టచింగ్ ఆమె. నేను దగ్గాను.

"పద్దెనిమిది," అన్నాడాయన. "కండ్లకు కాటుక ఉండాది సూడు, తీసెయ్యండి. మెడ వంకర బెట్టినాడు. అది బిర్రుగా నిలబెట్టండి."

తారీకు అడిగితే మా గోడ మీది క్యాలెండర్ వైపు చాలాసేపు చూసి ఒకటి చెప్పాడు. టీ తాగమంటే వద్దని వెళ్లిపోయాడు. ఆయన మెట్లు దిగాక ఆమె కుర్చీ నా వైపు తిప్పింది.

"అన్నా, గుండు సేయించుకున్యాడు గానీ ఆయప్పకు ఏడుపు రాలా. కోపమొస్తాండాది. సచ్చిపోయిన బిడ్డ మీద అంత కోపమేందన్నా? నేనొక మాట అడిగొస్తా."

"మనకెందుకమ్మా అది? పని సూడు," అన్నాను.

ఆమె పని చూసింది. రెండు గంటలు కూర్చుని కాటుక తీసింది, మెడ నిలబెట్టింది, నా కోటు తొడిగింది. నేను పక్కన నిలబడి, చెవులు ఇంకాస్త కనబడనీ అని సలహా కూడా ఇచ్చాను. పిల్లవాడు బ్యాంకు ఉద్యోగిలా తయారయ్యాడు. మూడో రోజు ఆయనొచ్చి, పేపర్ చుట్టిన ఫ్రేమును చంకలో పెట్టుకుని సదుం బస్సెక్కాడు. నాకు సంబంధించినంత వరకు ఆ కేసు అక్కడితో మూసేశాను.

ఆ తర్వాత మూడేళ్లకు స్టూడియో పూర్తిగా ఈగలు తోలుకునే స్థితికి వచ్చింది. అప్పుడే బెంగుళూరు నుంచి ఒక డిజైనర్, నీరుగట్టువారిపల్లెలో మగ్గాల మీద పట్టుచీరలు కొనడానికి వచ్చి, దారి తప్పి మా మెట్లెక్కాడు. సన్నగా, రెండు చెవులకూ పోగులతో, గోళ్లకు నీలం రంగుతో ఉన్నాడు. మా స్టూడియోలో వెనక కట్టే పరదా ఉండేది. జలపాతం, పక్కన హంస, ఆ హంస మెడ కంటే చిన్నదైన కొండ. దాని ముందు అతను అలాగే నిలబడిపోయాడు.

"సార్, ఈ పరదా అమ్ముతారా?"

"అమ్మను."

"అయితే పరదాతో పాటు మీరూ రండి."

వెటకారం అనుకున్నాను. కాదు. పరదా చుట్టుకుని బస్సెక్కి బెంగుళూరు వెళ్లాను. ఆ తర్వాత మూడేళ్లు నెలకు రెండుసార్లు వెళుతూనే ఉన్నాను. నా జీవితంలో ఫ్యాషన్ అంటే పెళ్లికొడుకు నల్ల కళ్లద్దాలు. ముప్పై ఏళ్లు నేను జనానికి చెప్పింది ఒకటే మాట: కొంచెం నవ్వండి. అక్కడ నాకు చెప్పిన మొదటి మాట, ఎవరినీ నవ్వించవద్దని. అందమైన బట్టలు కట్టుకుని, అప్పు తీర్చలేనివాళ్ల మాదిరి నిలబడాలట. సరేనన్నాను.

పాత మెకానిక్ షెడ్డును గ్యాలరీ చేసుకున్నారు వాళ్లు. మీసాలున్నవాళ్లు చీరలు కట్టేవాళ్లు, జుట్టు కత్తిరించుకున్న ఆడపిల్లలు పంచెలు కట్టేవాళ్లు. మగవాడిని ప్రేమించిన ఒకతను ఆ ప్రేమనంతా గోడ మీద బొమ్మలుగా వేస్తుండేవాడు. నేను మొదటి రోజే అన్నీ అర్థం చేసుకున్నానని అబద్ధం చెప్పను. పచ్చ పట్టుచీరలో నిలబడిన ఒక పొడుగాటి మనిషిని కెమెరాలోంచి చూసి, "బాబూ, కొంచెం ఎడమకు తిరుగు," అన్నాను. షెడ్డులో అందరూ పని ఆపేశారు.

ఆ మనిషి మాత్రం కదలకుండా అంది: "బాబు యాడుండాడప్పా ఈడ? నాకైతే కనపళ్ళా."

అది మా వైపు యాస. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. "తప్పయింది తల్లీ. మాది మదనపల్లె," అన్నాను, ఆ ఊరివాళ్లకు మినహాయింపు ఏదో ఉన్నట్టు.

"వినపడతానే ఉండాదిలే. మాది సదుం."

ఆ రోజు నుంచి నన్ను మామా అంది. డిజైనర్ దగ్గర పగలంతా జాకెట్లు కుట్టేది, ప్రదర్శనలప్పుడు అవే తొడుక్కుని నడిచేది. కెమెరా ముందు మెడ ఎడమ వైపుకు కాస్త వాల్చేది. నేను అలవాటు కొద్దీ నిలబెట్టబోతే డిజైనర్ పరుగెత్తుకొచ్చి, "అది మాత్రం ముట్టుకోవద్దు సార్," అన్నాడు. ఒకసారి చూసిన ముఖాన్ని మర్చిపోనని ఊరంతా గొప్పలు చెప్పుకున్నవాణ్ణి నేను. ఆ ముఖాన్ని రెండు గంటలు పక్కన నిలబడి చెక్కించాను, తర్వాత మూడేళ్లు ఎదురుగా నిలబెట్టి తీశాను, గుర్తుపట్టలేదు.

టచింగ్ ఆమె కూడా రెండుసార్లు నాతో వచ్చింది. అక్కడ ఎవరూ మచ్చ తీయమనరు, రంగు పెంచమనరు. "ఇంగ నాకేం పనన్నా ఈడ?" అని అలిగి, ఆ పచ్చచీర పిల్ల దగ్గర కూర్చుని సాయంత్రం దాకా జాకెట్లకు హుక్కులు కుట్టింది. బస్సులో తిరిగొస్తూ, "ఆ పిల్ల మంచిది. కానీ అమ్మ మాటొస్తే సూది వేలికి గుచ్చుకుంటాది," అంది.

నాకూ ఒకసారి చెప్పింది ఆ పిల్ల. పద్దెనిమిదేళ్లకు ఇల్లు వదిలి బెంగుళూరు వచ్చింది. వాళ్ల నాయన వెతుక్కుంటూ వచ్చాడు. ఏదో కార్యక్రమంలో ఆమె చీరలో నిలబడి ఉంటే దూరం నుంచి చూసి, మాట్లాడకుండా వెనక్కి పోయాడు. ఆ తర్వాత ఇంటి ఫోన్ నెంబర్ పనిచేయలేదు. ఎవరితోనో కబురు పంపితే, ఇంకోసారి మా ఇంటి గడప తొక్కొద్దని నాయన గద్దించి పంపాడట.

"నాయన సంగతి నాకు తెలిసిందే మామా. అమ్మ కూడా వద్దనుకునింది సూడు. అదే," అంది దారం పళ్లతో తెంపుతూ. కళ్లలో నీళ్లు లేవు కాబట్టి ఆ బాధ తీరిపోయిందనుకున్నాను. ముఖాలు చదవడంలో నా పనితనం అలా ఉండేది.

ఆ మూడో ఏట, ఎప్పుడూ బెంగుళూరేనా, ఒకసారి మా ఊళ్లో పెడదామని ఆ బొమ్మలు వేసే అతను పట్టుబట్టాడు. అతనిది కుప్పం. రైలు దిగితే నడిచిపోయేంత దూరంలో ఒక కల్యాణ మండపం ఉంది. ఆషాఢమాసం, పెళ్లిళ్లుండవు, మండపం ఖాళీ. అక్కడ ఒక్కొక్కరివి రెండు ఫొటోలు పక్కపక్కనే పెట్టాలని అనుకున్నారు. ఒకటి చిన్నప్పటిది, ఒకటి ఇప్పటిది. ఇప్పటివన్నీ నేనే తీశాను. చిన్నప్పటివి ఎవరివి వాళ్లు తెచ్చుకున్నారు. సదుం పిల్ల దగ్గర మాత్రం లేదు.

"మామా, నాయన పొద్దున్నే మార్కెట్‌కు పోతాడు. ఆ టైముకు మా ఇంటికి పోయి, మాయమ్మను ఒక ఫొటో అడగవా? పాతవి బాగుచేసేవాణ్ణని సెప్పు. నా పేరెత్తొద్దు. ఎత్తితే తలుపేస్తాది," అంది.

వెళ్లాను. పుంగనూరులో బస్సు మారి సదుంలో దిగాను. వాళ్లమ్మ చాటలో చెనక్కాయలు ఒలుస్తూ ఉంది. పాత ఫొటోలు ఉచితంగా బాగుచేస్తున్నామని చెబితే, లోపలికి రమ్మని చాప వేసింది. తల వంచుకుని గడప దాటి, తల ఎత్తి గోడ చూశాను.

గోడ మీద నేనున్నాను. నా కోటు, నా టై, నా భుజాలు. వాటి మీద మెడ నిటారుగా పెట్టుకుని, కాటుక లేని కళ్లతో సదుం పిల్ల నన్ను చూస్తోంది. చుట్టూ గంధపు దండ. కింద మూలన మా స్టూడియో పేరు, నేను ముచ్చటపడి వేయించుకున్న బంగారు రంగు అక్షరాలతో.

"మా పిల్లోడప్పా," అంది ఆ తల్లి. "బెంగులూరులో బస్సు గుద్దేసిందంట. ఆయన పోయేలోపల అంతా అయిపోయిందంట. ఆడనే కాల్చి, గుండు కొట్టించుకోని వచ్చినాడు. కడసారి ముఖం కూడా సూడల్యా నేను. ఈ ఫొటోనే సూసుకుంటాండా ఆరేండ్లుగా."

నా సంచిలో ఆమె బిడ్డ పచ్చచీర ఫొటోలు పదమూడు ఉన్నాయి. ఆమె కాఫీ ఇచ్చింది. తాగాను. చక్కెర సరిపోయిందా అంటే సరిపోయిందన్నాను. ఫొటోలేవీ వద్దులేమ్మా అని లేచి వచ్చేశాను. ఇంతకంటే పిరికిపని నా జన్మలో చేయలేదు, చేయబోను.

టచింగ్ ఆమెతో చెబితే, కంప్యూటర్ ఆఫ్ చేసి, నా ముందుకొచ్చి నిలబడింది.

"ఆ పొద్దు అడుగుతానంటే అడగనిచ్చినావా నువ్వు? ఆ బిడ్డ అమ్మ నన్నొద్దనుకునిందని ఏడుస్తాంది. ఈ తల్లి బిడ్డ పోయినాడని ఏడుస్తాంది. మధ్యలో నువ్వు కాఫీ తాగేసొచ్చినావా? కోటు తొడిగింది మనమే. మనమే ఇప్పాల. లే, పోదాం పా."

ఆ గురువారం ఇద్దరం వెళ్లాం. చెప్పడం ఎలాగా అని నేను దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. వాకిట్లోకి వెళ్లగానే టచింగ్ ఆమె, "అమ్మా, నీ బిడ్డ బతికే ఉండాది," అనేసింది. అనేసి పచ్చచీర ఫొటో ఆమె చేతిలో పెట్టింది.

ఆ తల్లి ఫొటో వైపు చూసింది. గోడ వైపు చూసింది. మళ్లీ ఫొటో వైపు. ఆ కోటు నాదని, ఆ తల అతికించింది మేమేనని, మెడ సరిచేసింది కూడా మేమేనని నేను చెప్పాను. ఆమె కేకలు వేస్తుందనుకున్నాను.

"కోటు యాడిదని అప్పుడే అడిగితి," అంది నెమ్మదిగా. "స్టూడియో వాళ్లు ఏసినారులే అనె మా ఆయన. మావాడు మెడ ఎప్పుడూ ఇట్ల బెట్టడే అని అడిగితి. సచ్చినంక అట్లే ఉంటాదిలే అనె. నేను నమ్మితి." పచ్చచీర ఫొటోలో మెడ వాలిన చోట బొటనవేలు పెట్టి అలాగే ఉంచింది. "ఇదీ నా బిడ్డ మెడ."

లోపలికి వెళ్లి తలుపేసుకుంది. మేం అరుగు మీద గంటసేపు కూర్చున్నాం. చివరికి తలుపు కొంచెం తెరిచి, "మీరు పోండప్పా," అంది. కుప్పంలో ఫలానా ఆదివారం, స్టేషన్ దగ్గరి మండపం అని తలుపు సందులోంచి చెప్పి, నా ఫోన్ నెంబర్ గడప మీద పెట్టి వచ్చాం.

ఫోన్ రాలేదు. ఆదివారం దాకా రాలేదు. చచ్చాడనుకున్న కొడుకు బతికున్నాడంటే ఏ తల్లైనా పరుగెత్తుకొస్తుంది. కానీ మేం ఆమెకిచ్చింది కొడుకుని కాదు. కూతుర్ని. ఆమెకు ఆ కూతురు కావాలో వద్దో మాకు తెలియదు. అందుకే పిల్లకు ఏమీ చెప్పలేదు. ఫొటో దొరకలేదన్నాను. "తెలుసులే మామా," అంది.

కుప్పంలో ఆ ఆదివారం పొద్దున మండపంలోని పెళ్లికూతురి గదిలో ఆమె పచ్చచీర కుచ్చిళ్లు సర్దుకుంటుండగా ఇక ఆగలేకపోయాను. మొత్తం చెప్పేశాను. గుండు, క్యాలెండర్, కోటు, గోడ, కాఫీ. అన్నీ. తిడుతుందని గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె పిన్నీసు నోట్లో పట్టుకుని విన్నది. తర్వాత పిన్నీసు తీసి అడిగింది:

"నేను సచ్చిపోయినానని అమ్మ నమ్మిందా?"

"నమ్మింది తల్లీ. నా ఫొటో చూసి నమ్మింది."

"అయితే వద్దనుకోలేదా నన్ను?"

"లేదు."

కింద కూలబడి ఏడ్చింది. చెప్పాను కదా, ఎవరైనా ఏడిస్తే నాకు చేతులాడవని. ఆడకపోయినా, పక్కన కూర్చున్నాను. ఆరేళ్లు ఆ తల్లి మీద పెంచుకున్న కోపం ఎక్కడ పెట్టాలో తెలియక ఏడ్చినట్టుంది ఆ ఏడుపు. మధ్యలో ఒకసారి తలెత్తి, "కోటు నాకు బాగుండాదా మామా?" అని అడిగింది. భుజాల దగ్గర కాస్త వదులు అన్నాను. ముక్కు చీదుకుంటూ నవ్వింది.

పదకొండు గంటలకు టచింగ్ ఆమె లోపలికి పరుగెత్తుకొచ్చింది. "వచ్చినాది. మూడు బస్సులు మారి, ఒక్కతే వచ్చినాది. మండపం గేటు కాడ ఉండాది."

సదుం పిల్ల గబగబా లేచి డిజైనర్ సూట్‌కేసు తెరిచి ప్యాంటు, చొక్కా వెతకడం మొదలుపెట్టింది. "ఆమె కొడుకు కోసం ఏడ్చింది మామా. నేనిట్ల పోయి నిలబడితే, ఆ కొడుకు నిజంగానే పోయినట్లయితాది. ఒక్కపూట చొక్కా ఏసుకుంటా. ఒక్కపూట. సూసుకోని పోనీ."

నేను, పోనీలే అందామా అని ఆలోచిస్తున్నాను. నాకెప్పుడూ సులువైన దారే ముందు కనబడుతుంది. టచింగ్ ఆమె మాత్రం ఆ చొక్కా లాగేసి సూట్‌కేసు మూసి, దాని మీద కూర్చుంది.

"నీకు ఒకసారి కోటు తొడిగి సంపినాం. ఇంగోసారి నా సేతుల్తో కానియ్యను. నీ ముఖంతో పో. ఆమె మూడు బస్సులెక్కి వచ్చింది ఆ ఫొటో సూసే కదమ్మా, పచ్చచీర ఫొటో."

సదుం పిల్ల పచ్చచీరలోనే బయటికొచ్చింది. హాల్లో పదిహేను మంది ఉన్నారు. మధ్యలో ఆ తల్లి ఒక చేతిలో క్యారియర్, ఇంకో చేతిలో పెద్ద బట్టసంచితో నిలబడి ఉంది. కూతురిని తల నుంచి కాళ్ల దాకా చూసింది. చాలాసేపు చూసింది. కూతురు భయంతో మెడ వాల్చేసింది, పాపం, కావాలని కాదు.

ఆ తల్లి నా వైపు తిరిగింది. బట్టసంచిలోంచి ఫ్రేము తీసి నా చేతిలో పెట్టింది. దండ లేదు. "ఇది నీదప్పా. నీ కోటు నువ్వే పెట్టుకో."

చిన్నప్పటి ఫొటో లేక ఆ పిల్ల పేరు దగ్గర గోడ ఖాళీగా ఉంది కదా అని డిజైనర్ ఆ ఫ్రేము అందుకోబోయాడు. "దాన్ని యాడా తగిలించొద్దు. ఆరేండ్లు తగిలిస్తి, సాలు," అని, ఆమె రవికలోంచి చిన్న కవరు తీసింది. "ఇది పెట్టు."

రెండేళ్ల బిడ్డ. పుట్టు వెంట్రుకలు తీయించే ముందు పూలజడ వేసి, గౌను తొడిగి, స్టూలు మీద కూర్చోబెట్టి తీయించిన ఫొటో. మన జిల్లాలో మగపిల్లలున్న ప్రతి ఇంట్లో ఇలాంటిదొకటి ఉంటుంది. నేనే కొన్ని వందలు తీశాను. జడ కనబడాలని వెనకాల అద్దం పెట్టి మరీ తీయమంటారు తండ్రులు. వచ్చినవాళ్లందరికీ మురిపెంగా చూపిస్తారు. పద్దెనిమిదేళ్లకు ఆ బిడ్డే పూలు పెట్టుకుంటే గుండు కొట్టించుకుని వస్తారు. ఎందుకో నాకు తెలియదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

"నాయన?" అని అడిగింది కూతురు. వచ్చాక అది మొదటి మాట.

"సెప్పే వచ్చినా. అడ్డమొచ్చినాడు. నీకూ ఒక ఫొటో కట్టిస్తా, కోటు కూడా ఉండాదంట ఆయప్ప దగ్గర, అంటి. పక్కకు జరిగినాడు."

ఆయన ఆ రోజు రాలేదు. ఇప్పటిదాకా రాలేదు. దాన్ని నేను టచింగ్ చేసి చెప్పలేను.

ఆ తల్లి మండపం నేల మీద చతికిలబడింది. సంచిలోంచి విస్తరాకు తీసి పరిచి, నీళ్లు చల్లింది. క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటే విప్పింది. ఓళిగలు, అలసంద వడలు, చిన్న సీసాలో నెయ్యి. వాటిని ఆకులో పెడుతూ, ఎవరి వైపూ చూడకుండా మాట్లాడింది.

"ఏటా పెద్దల అమావాస్యకు ఆ ఫొటో ముందర ఆకేస్తి. నీకిష్టమని ఇవే సేస్తి. సాంబ్రాణి ఏసి, తలుపు దగ్గరికేసి, బయట కూచుంటి. తిన్న్యాడేమో అని వచ్చి సూస్తి. ఒక్కటీ తరిగిండేది కాదు. ఎత్తి కాకులకేస్తి." కొంగుతో ముఖం తుడుచుకుని, ఆకు ముందు నేలను అరచేత్తో తట్టింది. "ఈడ కూచో. తిను. నేను సూడాల."

పట్టుచీర నలుగుతుందని ఎవరూ అనలేదు. కూతురు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఓళిగ తుంచి నెయ్యిలో ముంచి నోట్లో పెట్టుకుంది. తల్లి ఆమె ముఖం వైపు చూడడం లేదు. ఆకు వైపే చూస్తోంది. మొదటి ఓళిగ అయిపోయింది. వడ అయిపోయింది. రెండో ఓళిగ కూడా అయిపోయి, ఆకులో ఆ చోటు ఖాళీగా కనబడింది. తల్లి గిన్నెలో చెయ్యి పెట్టింది కానీ, తీయడానికి భయపడినట్టు అక్కడే ఆపి, చాలా చిన్న గొంతుతో అడిగింది.

"ఇంగొకటి ఎయ్యనా?"

"ఎయ్ మా," అంది కూతురు నోటినిండా పెట్టుకుని. "నెయ్యి కూడా."